వెనక్కి తిరిగిన చిలుక

మా వాళ్ళింట్లో పెళ్ళయినా గృహప్రవేశమయినా, భోజనాలయి కుర్చీలు గుండ్రంగా జరుపుకున్నాక మా పెదనాన్న కొడుకు ఒక కథ ఎత్తుకుంటాడు. చిలుకల ఫ్రేము కథ. వాడి అక్కను, నేనూ అక్కా అనే పిలుస్తాను, చూసుకోవడానికి రాంనగర్ నుంచి పెళ్ళివారు వచ్చారట. గోడ మీద చిలుకల ఎంబ్రాయిడరీ ఫ్రేము చూసి, "గిదే ఫ్రేము మొన్న నారాయణగూడల ఇంకో పిల్ల ఇంట్ల చూసినం గదా" అన్నారట. అందరూ పడిపడి నవ్వుతారు. నవ్వు కాస్త తగ్గాక వాడు ముగింపు చెబుతాడు: "అప్పుడన్న మెల్లగ సర్దుకుంటుండె. మా అత్త వంటింట్లకెల్లి బయటికొచ్చి నోరు తెరిచింది. సంబంధం పాయె. మీదికెల్లి అలిగి, రావాల్సిన ఉద్యోగం గూడ పోగొట్టుకున్నది." మళ్ళీ నవ్వులు.

మొదటి సగానికి నేనూ నవ్వుతాను. అది నిజంగా జరిగింది, నవ్వాల్సిందే. రెండో సగం అబద్ధం. వాడు ఆ పూట ఇంట్లోనే లేడు. కాలేజీ ఎగ్గొట్టి చిక్కడపల్లిలో మార్నింగ్ షో చూస్తున్నాడు. ఉన్నది నేను. పదేళ్ళదాన్ని. ముందుగది తలుపు పక్కన స్టూలు మీద, బిస్కెట్ల పళ్ళేనికి కాపలా.

ఇన్నేళ్ళూ ఊరుకున్నాను. శుభమా అని పెళ్ళిళ్ళలో గొడవెందుకని. పోయిన నెల వాడు ఫ్యామిలీ గ్రూపులో ఆ ఫ్రేము ఫోటో పెట్టాడు. వాడి ఫ్లాటులో, చెప్పుల స్టాండు పైన వేలాడుతోంది. కింద రాశాడు: "అక్క చేతిపని. ఫ్రేము పాతబడింది, కొత్తది కట్టిస్తున్నా. కింద ఇత్తడి పలక మీద అక్క పేరు కూడా వేయిస్తున్నా." దాని కింద అక్క రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టింది. ఆ దండం చూశాక నాకు అన్నం సహించలేదు.

మా అక్కకు సూదిలో దారం ఎక్కించడం రాదు. ఇప్పటికీ రాదు. చీర ఫాల్ ఊడితే పిన్నీసు పెట్టుకుని పెళ్ళికి వస్తుంది.

అశోక్‌నగర్‌లో మా ఇల్లు ఇప్పుడు స్టడీ హాలు. ఆ ముందుగదిలో ప్లైవుడ్ గూళ్ళు చేసి, గూటికో పిల్లవాణ్ణి కూర్చోబెట్టారు. ఫ్రేము వేలాడిన గోడకు "నిశ్శబ్దం" అని బోర్డు. అప్పట్లో ఆ ఇంట్లో నిశ్శబ్దమే లేదు. ముందు వైపు పెదనాన్న వాళ్ళు, పక్క వాటాలో మేము, అందరికీ కలిపి ఒకటే వంటిల్లు. వానాకాలం నాలా పొంగితే ఆ వాసన ముందు, దాని వెనకే పెద్దమ్మ పచ్చిపులుసులో కోసిన ఉల్లిగడ్డ వాసన. వెనక జామచెట్టు. ఆ చెట్టుకు ఆనుకుని ఉన్న చిన్న గది అత్తది.

అత్త మా నాన్నకూ పెదనాన్నకూ ఒక్కతే చెల్లెలు. పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త పోతే ఒక ట్రంకు పెట్టెతో తిరిగి వచ్చింది. నాకు ఊహ తెలిసేసరికి ఆ ట్రంకు మూత తెరవడమే నాకు పండగ. కలరా ఉండల వాసన, దాచిన చందనం సబ్బు కాగితాల వాసన, వాటి కింద పాత శుభలేఖల అట్టముక్కలకు చుట్టిన రంగురంగుల దారాలు. ఒకసారి అందులో ఎర్ర దారం లచ్చి ఎత్తుకెళ్ళి, ఊగుతున్న పన్నుకు కట్టి, ఇంకో కొస తలుపు గొళ్ళేనికి కట్టాను. పన్ను ఊడింది, లచ్చి చిక్కుపడింది. అత్త నన్ను కొట్టలేదు. చిక్కు విప్పుతూ, "ఎర్రదే ఎందుకు తీసినవ్ పోరీ? రక్తం కనవడకూడదనా?" అని అడిగింది. సాయంత్రం పన్ను లేని నా నోటి కోసం సర్వపిండిని మెత్తగా కాల్చి పెట్టింది. గిన్నెకు అంటిన మాడు మాత్రం ఎవరికీ ఇవ్వకుండా తనే తినేది. అంత ఇష్టం.

జామచెట్టు మీద వాలే చిలుకలను చూసి చూసి అత్త వాటిని బట్ట మీదికి దించింది. రెండు చిలుకలు ఒక కొమ్మ మీద ఎదురెదురుగా, మధ్యలో కొరికిన జామపండు. పండులో గింజలన్నీ ముడికుట్టు. ఇంతవరకు ఎవరైనా కుడతారు. పైకొమ్మ మీద మూడోది ఉంది. అది మనకు వీపు చూపించి కూర్చుంది. ముక్కు కనబడదు, కన్ను కనబడదు. వీపు, రెక్కలు, కిందికి జారిన తోక. ఎన్ని పచ్చలు వాడిందో ఆ వీపు మీద! లేత మామిడాకు పచ్చ, పాచి పచ్చ, పెసర పచ్చ. మిగిలిన రెండిటికీ పెట్టిన శ్రమంతా ఒక ఎత్తు, ఆ వీపు ఒక్కటీ ఒక ఎత్తు.

"అత్తా, అదెందుకు అటు తిరిగింది? ఏం చూస్తోంది?" అని అడిగాను.

"ఫ్రేము కట్టినంక చెప్త తియ్," అంది.

ఆ ఫ్రేము ఊరికే గోడ మీద పెట్టుకోవడానికి కాదు. నారాయణగూడలో ఒక ఆడపిల్లల బడిలో కుట్టుపని నేర్పే టీచరు కావాలని అత్తకు తెలిసింది. ఎవరికీ చెప్పకుండా నన్ను తోడు తీసుకుని వెళ్ళింది. అక్కడి హెడ్ మేడమ్ కోస్తా వైపు మనిషి, తెల్లటి ఇస్త్రీ చీర. "కుట్టడం అందరూ కుడతారమ్మా," అంది. "కుట్టినదాన్ని సాగిపోకుండా, ముడత పడకుండా మీరే బిగించి ఫ్రేము కట్టి తీసుకురండి. నేను ముందు చూడను, వెనక చూస్తాను. వచ్చే గురువారం పన్నెండు లోపల రండి. ఆ తరవాత నేనుండను."

వచ్చేటప్పుడు అత్త నడవలేదు, ఎగిరింది. ఆమె చెప్పుల చప్పుడు అంత గట్టిగా వినడం నాకదే మొదటిసారి.

బట్టను కుంకుడు రసంలో ముంచింది, చిటికెడు ఉప్పు వేసి, రంగు దిగకుండా. పిండలేదు. తువ్వాలులో చుట్టి ఒత్తి, నీడన ఆరేసింది. నేను చిలుకలకు చలేస్తుందని విసనకర్ర తెస్తే నవ్వింది. దళసరి తువ్వాలు మీద బోర్లా వేసి వెనక నుంచి ఇస్త్రీ చేసింది. ముందు నుంచి చేస్తే కుట్టు అణిగిపోతుందట. హార్డ్‌బోర్డు ముక్కకు పాత తెల్లచీర గుడ్డ తొడిగి, దాని మీద చిలుకలను పరిచి, అంచులు వెనక్కి మడిచి, బొంతలు కుట్టే దారంతో ఈ అంచు నుంచి ఆ అంచుకు, ఆ అంచు నుంచి ఈ అంచుకు నులకమంచం అల్లినట్టు లాగి బిగించింది. నేను ముడి మీద వేలు పెట్టి పట్టుకోవాలి, ఆమె లాగాలి. నా వేలు ఎర్రబడేది. మధ్యమధ్యలో తిప్పి చూసుకునేది, కొమ్మ వంకరపోయిందా అని. పోతే విప్పేది. మళ్ళీ మొదలు. ఆ బోర్డు మీద గోరుతో కొడితే డప్పులాగా మోగేవరకు వదల్లేదు.

చిక్కడపల్లి సందులో ఫ్రేముల దుకాణం అన్న దగ్గర పెద్ద గొడవే అయింది. అక్కడంతా రంపపు పొట్టు వాసన, మైదా లై వాసన, దేవుళ్ళూ చనిపోయినవాళ్ళూ ఒకే వరసలో. "అక్కా, గింత తిప్పలెందుకు? లై కొట్టి అట్టకు అతికిస్త, ఐపోతది," అన్నాడు.

"లై కొడితే పురుగులొస్తయి. గుడ్డ గోధుమరంగుకు తిర్గుతది. నేను బిగించుకొని తెచ్చిన, నువ్వు చట్రం ఎయ్యి. అద్దం దారానికి తాకొద్దు. నడుమల సన్నని చెక్కపట్టీలు పెట్టు."

"అద్దానికీ చిల్కకూ నడుమ జాగా ఎందుకక్కా, ఊపిరాడనీకా?"

"ఔ. ఊపిరాడనీకే."

"దేవుని ఫోటోలోళ్ళు గూడ నన్ను గింత పరేషాన్ చెయ్యలె," అని గొణుక్కుంటూ పట్టీలు కోశాడు. పట్టీలు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. అత్త మళ్ళీ కోయించింది. వెనక ఖాకీ కాగితం మాత్రం వేయనివ్వలేదు. మేడమ్ చూడాల్సింది ఆ వెనకే కదా. ఆ సందడిలో ఆయన లై గిన్నెలో వేలు పెట్టి నాకాను నేను. చప్పగా ఉంది, కానీ మళ్ళీ నాకాను.

ఇక్కడ ఆ రోజుల ఆచారం ఒకటి చెప్పాలి, లేకపోతే ఈ కాలం పిల్లలకు ఇది పిచ్చిగా కనబడుతుంది. అప్పుడూ పిచ్చే. పెళ్ళిచూపులంటే ముందుగది గోడ మీద పిల్ల చేతిపని ఒకటి ఫ్రేము కట్టి ఉండాల్సిందే. హంసల జంటో, ఊలు ఉండతో ఆడే పిల్లికూనలో, వంకర అక్షరాల వెల్‌కమ్మో. మగపెళ్ళివారు కూర్చోగానే తల్లి "మా పిల్లనే కుట్టింది" అనాలి. వాళ్ళు తలెత్తి "మంచిగున్నది" అనాలి. తర్వాత బూందీ. కుట్టు రాని పిల్లల తల్లులు ఇడ్లీ పాత్ర అడిగి తెచ్చుకున్నట్టు ఫ్రేములు అడిగి తెచ్చుకునేవారు. అడిక్‌మెట్ హంసలు అశోక్‌నగర్‌కు వచ్చేవి, అశోక్‌నగర్ పిల్లికూనలు బషీర్‌బాగ్‌కు పోయేవి. అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

ఫ్రేము ఇంటికొచ్చిన మర్నాడే పెద్దమ్మ దాన్ని నారాయణగూడలో తన స్నేహితురాలికి ఇచ్చేసింది. ఆ ఇంట్లో పిల్లను చూసుకోవడానికి ఎవరో వస్తున్నారట. అత్తను అడగలేదు. మూడు రోజులకు తిరిగొచ్చిన ఫ్రేము అద్దం మీద ఎవరిదో గంధం వేలిముద్ర. అత్త పైటకొంగు తడిపి తుడుస్తుంటే పెద్దమ్మ అంది: "ఏం, చూస్తె అరిగిపోయినయా నీ చిల్కలు?"

మా అక్కకు రాంనగర్ సంబంధం ఆ గురువారమే కుదిరింది. దశమి, మంచిరోజు. పొద్దున్నే అత్త ఉతికిన చీర కట్టుకుని, ముందుగదిలోకి వచ్చి, పెద్దమ్మ రాత్రే గోడకు తగిలించిన ఫ్రేమును దించబోయింది.

"ఏందమ్మా?" అన్నాడు పెదనాన్న.

"బడికి తీస్కపోవాలన్నా. మొన్న చెప్పిన గదా. ఇయ్యాల్నే."

"గోడ బోడిగ కనవడ్తది. ఆళ్ళు తొమ్మిదింటికి వస్తరు, పదింటికి లేస్తరు. నువ్వు పదకొండుకు పో. మేమేమన్న వద్దంటున్నమా? జర పిల్ల మొఖం చూడు."

పెద్దమ్మ మెత్తగా కలిపింది. "ఆళ్ళు పొయ్యేదాంక వంటింట్లనే ఉండు. ముందటికి రాకు. మనసుల ఏం పెట్టుకోకు పిల్లా. శుభం గదా."

అత్త కుట్టిన చిలుకలు గోడ మీదికి శుభం. అత్త గడప మీదికి అశుభం. ఈ లెక్క ఆ ఇంట్లో ఎవరికీ వింతగా లేదు. మా నాన్న అక్కడే ఉన్నాడు. చెల్లెలి వైపు ఒకసారి చూసి, పేపరు మడిచి, లోపలి పేజీ తీశాడు. మా నాన్న మంచివాడని ఊరంతా అంటుంది. ఆ పేపరు చప్పుడు నాకింకా వినబడుతూనే ఉంది.

తొమ్మిదన్నవాళ్ళు పదకొండున్నరకు వచ్చారు. అప్పటిదాకా అత్త వంటింట్లో పీట మీద, భుజాన సంచితో కూర్చుంది. బూందీ వేగిన నూనె వాసనలో ఆమె చీర గంజి వాసన. నన్ను మాటిమాటికీ గడియారం చూసి రమ్మని పంపింది. చివరికి పంపడం మానేసింది.

పెళ్ళికొడుకు తల్లి దళసరి అద్దాల మనిషి. పెద్దమ్మ మంత్రం చదివింది: "మా పిల్లనే కుట్టింది." ఆమె తలెత్తింది. "మంచిగున్నది" అనలేదు. లేచి గోడ దగ్గరికి వెళ్ళింది.

"గీ చిల్కలను నేను చూసిన. పోయిన వారం నారాయణగూడల. గీ మూడోది ఎన్కకు తిరిగి కూసున్నది గదా, అప్పుడే అనుకున్న, దీనికేం అలక అని."

"అయ్యో, గిసొంటియి మార్కెట్ల చానా దొర్కుతయి," అంది పెద్దమ్మ.

"దొర్కితే మీ పిల్ల కుట్టుడెందుకు?"

పెళ్ళికొడుకు మేనమామకు దగ్గు వచ్చింది. ఆమె అక్క వైపు తిరిగింది. "గీ రెక్క ఏం కుట్టు, బిడ్డా?"

అక్క ఫ్యాను వైపు చూసింది. నా వైపు చూసింది. "చేతి కుట్టు," అంది.

అప్పుడు నేను నవ్వాను. నిజమే, గట్టిగానే నవ్వాను. ఆ నవ్వు మధ్యలోనే వంటింటి గడప మీద నుంచి అత్త గొంతు వినబడింది.

"కాశ్మీరీ కుట్టు. నేనే నేర్పిన. పిల్ల మీ ముంగట సిగ్గుపడి చెప్తలేదు. నారాయణగూడోళ్ళు దీన్ని చూసి కుట్టుకుంటమని మా దగ్గర్నుంచే తీస్కపొయిన్రు."

ఇదీ మా అత్త తెరిచిన నోరు. తన పనిని తన నోటితోనే అక్కకు రాసిచ్చింది. ఇంట్లో ఒక్కరికీ తోచని మాట అందించి మా పరువును గోడ మీద నిలబెట్టబోయింది. ఆ పెద్దమనిషి అత్త నుదురు చూసింది, మెడ చూసింది, చేతిలో మంచినీళ్ళ గ్లాసు తాగకుండా కింద పెట్టింది. "ఇంటికి పోయి చెప్తం," అంది. బూందీ ముట్టలేదు.

సంబంధం పోయింది. అరువు ఫ్రేముల వల్ల పోయిందో, బోసి నుదురు వల్ల పోయిందో, "చేతి కుట్టు" వల్ల పోయిందో వాళ్ళకే తెలియాలి. మా ఇంట్లో మాత్రం ఆ నిమిషంలోనే తీర్పయింది.

"సల్లవడ్డదా నీ కడుపు?" అంది పెద్దమ్మ.

అత్త స్టూలు మీంచి నన్ను దింపి, అదే స్టూలెక్కి ఫ్రేము దించింది. దుప్పట్లో చుట్టింది. "కోడలు పిల్లా, ఆ మూల పట్టుకో," అంది.

ఎండలో అశోక్‌నగర్ నుంచి నారాయణగూడ దాకా మేమిద్దరం దాన్ని మోసుకుపోయాం. చిక్కడపల్లి లైబ్రరీ ముందు పేపర్లు చదివే ముసలాళ్ళు తలలెత్తి చూశారు. బేకరీ లోంచి వేడి బిస్కెట్ల వాసన. దుప్పటి జారినప్పుడల్లా అద్దం మీద ఎండ తళుక్కుమని ఎదురు గోడ మీద పరుగెత్తేది. ఫ్రేముల అన్న దుకాణంలోంచి కేకేశాడు: "అక్కా, నౌకరీకేనా? మంచిగ పో!" అత్త చెయ్యెత్తలేకపోయింది, రెండు చేతులూ ఫ్రేముకే ఉన్నాయి.

బడి గేటు దగ్గర ఆయా తాళం వేస్తోంది. "మేడమ్ పన్నెండున్నర దాంక చూసిన్రు. నీ పేరు గూడ అడిగిన్రు. ఇంకొకామెను నౌకరీల తీస్కొని పొయిన్రు."

అత్త దుప్పటి విప్పింది. "ఒక్కసారి దీని ఎన్క చూడు," అంది.

ఆ మేడమ్ లేదు కదా, ఆయాకు ఏం తెలుస్తుందని నేననుకున్నాను. ఆ ఆయా తాళంచెవి నోట్లో పెట్టుకుని, ఫ్రేము అందుకుని, తిప్పి, ఆ దారాల అల్లిక చూసింది. "మంచిగ కట్టినవమ్మా," అని తిరిగిచ్చేసింది. ఆ ఉద్యోగానికి ఆమెకు జరిగిన ఇంటర్వ్యూ అంతే.

తిరిగొచ్చేటప్పుడు నాకు చెరకు రసం తాగించింది. తాను తాగలేదు. ఫ్రేమును తన గదిలో గోడకేసి తిప్పి పెట్టింది. నేలకంటుకుని, ముఖం గోడకు, అల్లిక మాకు. తర్వాతి సంబంధానికి పెద్దమ్మ వచ్చి దాన్ని ముందుగదిలోకి తీసుకుపోతుంటే అత్త తలెత్తలేదు. చీరకు ఫాల్ కుడుతోంది. ఆ తర్వాత జీవితమంతా వీధి వీధంతటి చీరలకూ ఫాల్స్ కుట్టింది, చూపు మందగించేదాకా. మళ్ళీ ఒక బొమ్మ కుట్టలేదు. "దానికి ఓపిక లేదు" అని పెదనాన్న అనేవాడు. నులక అల్లినట్టు ఆ బోర్డు అల్లిన మనిషికి ఓపిక లేదట!

అత్త పోయి కొన్నేళ్ళయింది. ఇల్లు అమ్మినప్పుడు ఫ్రేము వాడి వాటాలోకి వెళ్ళింది, పాత కుక్కర్లతో పాటు.

గ్రూపులో నేను రాశాను: "ఫ్రేము కట్టించేముందు వెనక ఉన్న దారాలు కోయించకు. మాల్‌లో షాపువాళ్ళు తీసి జిగురుతో అతికిస్తారు. అది అత్త కట్టింది. కుట్టిందీ అత్తే. పలక మీద అత్త పేరు వేయించు." నీ జ్ఞాపకం తప్పేమో అని ఒకరు, పాతవి ఎందుకు తవ్వడం అని ఒకరు. వాడు ఒక బొటనవేలు బొమ్మ పెట్టాడు. మర్నాడు ఇత్తడి పలక నమూనా పంపాడు. అక్క పేరే. అక్షరాలు మాత్రం బాగున్నాయి.

అందుకని అక్కను అందరి ముందూ, అదే గ్రూపులో అడిగాను. ఎగతాళికి మాత్రమే కాదు. ఫ్రేము కట్టాక చెబుతానన్న మనిషి ఆ తర్వాత ఎప్పుడూ చెప్పలేదు, నాకు అడిగే ధైర్యం రాలేదు. నిజంగా నాకు తెలుసుకోవాలని ఉంది. అక్క చదివింది. నీలం గీతలు పడ్డాయి. మూడు వారాలయింది, ఈసారి దండం బొమ్మ కూడా లేదు. ఇక్కడ ఇంకోసారి అడుగుతున్నాను.

కుట్టింది నువ్వే కదా అక్కా. మరి చెప్పు, ఆ మూడో చిలుక అటు తిరిగి ఏం చూస్తోంది?